ఇల్లు విప్పే విద్య



ఎన్టీఆర్ జిల్లా తిరువూరు చుట్టుపక్కల పాత పెంకుటిల్లు తీసేసి డాబా వేసుకునేవాళ్ల నోట రెండు మాటలు వినిపిస్తాయి. కొందరు ‘ఇల్లు విప్పుతున్నాం’ అంటారు. ఇంకొందరు ‘ఇల్లు పడగొట్టిస్తున్నాం’ అంటారు. పైకి రెండూ ఒకటే. పాత ఇల్లు పోతుంది, ఖాళీ జాగా మిగులుతుంది. కానీ విప్పిన ఇంటి పక్కన పెంకులు, వాసాలు, తలుపులు, ఇటుకలు వేటికవి పేర్చి ఉంటాయి. పడగొట్టిన చోట అన్నీ కలిసిపోయిన ఒక గుట్ట ఉంటుంది. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం చిన్నది కాదు.

విప్పే పని కొప్పు దగ్గర మొదలవుతుంది. కొప్పు పెంకుల్ని పట్టి ఉంచిన సున్నాన్ని మేస్త్రి చిన్న సుత్తితో తట్టి వదులు చేస్తాడు. కొప్పు వచ్చేసిందంటే కింది వరసలు ఒకదాని గాడిలోంచి ఒకటి సులువుగా బయటికొస్తాయి. బంగాళా పెంకు వెనక చిన్న ముక్కు ఉంటుంది. అది రీపరుకు తగులుకుని నిలబడుతుంది. దానికి మేకు లేదు, సిమెంటు లేదు. పైన ఒకరు, నిచ్చెన మీద ఒకరు, కింద ఇద్దరు నిలబడితే పెంకు చేతిలోంచి చేతిలోకి దిగుతుంది. కింద దాన్ని పడుకోబెట్టరు. గోడవారగా నిలువునా ఆనించి వరసపెడతారు, పడుకోబెడితే అడుగున ఉన్నవి బరువుకు పగులుతాయి. అనుమానం వచ్చిన పెంకును మేస్త్రి వేలి కణుపుతో తట్టి వింటాడు. ఖంగుమంటే పక్కన పెడతాడు. బొంగురుగా పలికితే లోపల ఎక్కడో పగులుందని అర్థం, దాన్ని వేరే కుప్పలో వేస్తాడు.

తర్వాత రీపర్లు, ఆ తర్వాత వాసాలు. మేకును గునపంతో ఒక్కసారిగా పెకలిస్తే కర్ర చీలుతుంది. అందుకని వెనక నుంచి తట్టి, తల పైకి లేచాక పీకుతారు. వాసాలు మళ్లీ ఇంకో కప్పుకు వాడాలనుకుంటే దించేముందే సుద్దముక్కతో అంకెలు వేస్తారు. దూలానికి మోకులు కట్టి నలుగురు పట్టి దించుతారు. గోడను పై వరస నుంచి కిందికి తీసుకొస్తారు. గోడ దిగే కొద్దీ గుమ్మాలు, కిటికీలు చెక్కు చెదరకుండా బయటపడతాయి. మట్టి అడుసుతోనో, గానుగ సున్నంతోనో కట్టిన గోడైతే తాపీ మొన తగలగానే ఇటుక విడిపోతుంది. మట్టి గోడల మన్ను కూడా వృథా కాదు. పాత ఊరి దిబ్బల మన్నును ‘పాటి మన్ను’ పేరుతో పొలాలకు ఎరువుగా తోలుకోవడం తెలుగు రైతుకు తరతరాలుగా తెలిసిన పని.

ఇదంతా కొన్ని రోజుల పని. జేసీబీకి ఒక పూట చాలు. దాని తొట్టి ఒక్క దెబ్బ వేస్తే పెంకు పొడైపోతుంది, టేకు వాసం మధ్యకు విరుగుతుంది, ఇటుక, గాజు, వైరు, ప్లాస్టిక్ పైపు అన్నీ మట్టిలో కలుస్తాయి. పక్కా భవనం కూలిస్తే చదరపు మీటరుకు సుమారు 500 కిలోల వ్యర్థం వస్తుందని కేంద్ర ప్రభుత్వ సాంకేతిక సంస్థ టైఫాక్ అంచనా వేసింది. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల ఇల్లు, అంటే దాదాపు 1,076 చదరపు అడుగులది, 50 టన్నుల రద్దు అవుతుంది. ట్రాక్టరు ట్రక్కుకు నాలుగు టన్నులు వేసుకున్నా పన్నెండు పదమూడు ట్రిప్పులు. ఆ ట్రిప్పులన్నీ ఎక్కడికి వెళ్తాయన్నది ఏ చిన్న పట్టణంలోనైనా అందరికీ తెలిసిందే. చెరువు గట్టు, వాగు ఒడ్డు, రోడ్డు పక్క పల్లం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచింది. వాగుకు దారి ఇరుకైతే ఏమవుతుందో ఎన్టీఆర్ జిల్లావాసులకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇదొక్కటే నష్టమైతే రద్దును వేరే చోట పోయించి ఊరుకోవచ్చు. అసలు నష్టం ఇటుక లోపల ఉంది.

ఇటుక అంటే కాల్చిన మట్టి. లక్ష ఇటుకలు కాల్చాలంటే బట్టీ రకాన్ని బట్టి సుమారు పన్నెండు నుంచి ఇరవై టన్నుల బొగ్గు కావాలి. కోస్తాలో వరి ఊకతోనూ, కర్రతోనూ కాల్చే బట్టీలున్నాయి, వాటి పొగ కూడా పొగే. పాత ఇంటి నుంచి పదివేల ఇటుకలు గట్టిగా బయటపడి మళ్లీ గోడెక్కితే టన్ను పైచిలుకు బొగ్గు కాల్చే పని తప్పినట్టే. సిమెంటు సంగతి ఇంకా బరువైంది. తిరువూరు ఉన్న ఎన్టీఆర్ జిల్లాలోనే జగ్గయ్యపేట ఉంది. సున్నపురాయికి, సిమెంటు ఫ్యాక్టరీలకు పేరున్న ప్రాంతం. ఆ రాయిని దాదాపు 1,450 డిగ్రీల వేడిలో కాలిస్తే గానీ సిమెంటు క్లింకరు తయారు కాదు. అప్పుడు బొగ్గు నుంచే కాదు, రాయి లోపలి నుంచి కూడా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పొయ్యిని ఎంత మెరుగుపరిచినా రాయిలోంచి వచ్చేది ఆగదు. 50 కిలోల బస్తా ఒక్కోటి సుమారు 30 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను గాల్లోకి వదిలాకే ఇంటి ముందు దిగుతుంది. ప్రపంచంలో మనిషి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం ఒక్క సిమెంటుదే.

కలప కథ దీనికి తలకిందులు. పొడి కర్ర బరువులో దాదాపు సగం కార్బనే. ఎనభై ఏళ్ల కిందట నరికిన టేకు చెట్టు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్ ఇవాళ్టికీ ఆ దూలంలో భద్రంగా ఉంది. దాన్ని విరగ్గొట్టి వంటచెరుకు చేసిన రోజున అదంతా తిరిగి గాల్లోకి వెళ్తుంది. ఒక ఊరు వెయ్యి మొక్కలు నాటి ఫొటోలు తీయించుకుంటుంది, మంచిదే. అదే ఊరు అదే ఏడాది ముదురు టేకు దూలాల్ని పొయ్యిలో పెడుతుంటే ఆ లెక్క ఎవరూ రాయడం లేదు. మొక్క చెట్టయి అంత కార్బన్ దాచేసరికి ఇంకో తరం గడుస్తుంది.

విప్పి మళ్లీ నిలబెట్టడం తెలుగువాళ్లకు కొత్త కాదు. అందులోనూ చాలా పెద్ద ఎత్తున చేసి చూపిన నేల ఇది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. అప్పటికే, 1954లో, మునిగిపోబోయే నాగార్జునకొండ లోయలో భారత పురావస్తు శాఖ ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు మొదలుపెట్టింది. 1960 వరకు ఆ పని సాగింది. ఇక్ష్వాకుల కాలం నాటి ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి, ఇప్పుడు దీవిగా మిగిలిన కొండ మీదికీ, ఒడ్డున ఉన్న అనుపుకీ చేర్చి మళ్లీ పేర్చారు. అనుపులో మెట్ల వరసలతో కనిపించే ప్రేక్షకశాల అలా నీళ్లను తప్పించుకున్నదే. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కృష్ణా తుంగభద్రలు కలిసేచోట కూడవెల్లిలో ఉన్న చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో నిలబెట్టారు. రాతి మీద అంకె, కాగితం మీద అదే అంకె, ఆ వరసలోనే మళ్లీ పేర్పు. వాసం మీద సుద్దముక్కతో మేస్త్రి వేసే అంకె పనితనంలో దీనికి చుట్టమే.

చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర కూడా ఇదే దారిలో నడిచింది. నాలుగు దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లను కొని, వడ్రంగుల చేత విప్పించి, లారీల్లో తెచ్చి అక్కడ మళ్లీ కట్టారు. ఆ ఆవరణలో తెలుగు ఇళ్లకూ ఒక వీధి ఉంది.

అయితే పాత సామగ్రి వాడకం ఎప్పుడూ పుణ్యకార్యమే అనుకోవడానికి లేదు. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి అమరావతికి మార్చాడు. కొత్త పట్నానికి రాళ్లు కావాలి. దగ్గర్లో దీపాలదిన్నె అని పిలిచే దిబ్బ ఉంది, తవ్వితే నున్నటి పలకలు వస్తున్నాయి. వాటిలో కొన్ని కట్టడాలకు పోయాయి, కొన్ని సున్నం బట్టీకి పోయాయి. ఆ దిబ్బ ఒక మహాస్తూపం. దాని మీద బయటి లోకం దృష్టి పడింది 1798లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ ఆ చోటు చూశాకే. మిగిలిన శిల్పాల్లో చాలా భాగం ఇవాళ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ, చెన్నై మ్యూజియంలోనూ ఉన్నాయి. ఏది దూలమో, ఏది చరిత్రో విప్పేవాడికి ముందే తెలియాలి. తిరువూరులో ఉండేది మహాస్తూపం కాకపోవచ్చు. కానీ చెక్కుడు పని ఉన్న గుమ్మం, అరుగు మీది కర్ర స్తంభం జేసీబీ తొట్టికి అడ్డొచ్చే ముందు ఒక ఫొటోకైనా నోచుకోవాలి.

ఇక చట్టం. నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల మీద కేంద్రం 2016లో నియమాలు తెచ్చింది. రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు మించి వ్యర్థం వస్తే దాన్ని రకాలవారీగా వేరు చేయాలని, ముందే ప్రణాళిక ఇచ్చి అనుమతి తీసుకోవాలని అవి చెప్పాయి. ఇలాంటి వ్యర్థాల నుంచి తయారైన సామగ్రిని మున్సిపల్, ప్రభుత్వ పనుల్లో 10 నుంచి 20 శాతం దాకా తప్పనిసరి చేయాలని కూడా వాటిలో ఉండేది. వాటి స్థానంలో 2025లో ప్రకటించిన కొత్త నియమాలకు 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టారు. అవి ముఖ్యంగా 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాల మీద బాధ్యత పెడతాయి. ఇవన్నీ అవసరమైనవే. కానీ ఈ వల కన్ను చాలా పెద్దది. తిరువూరులో దిగే ఇల్లు 50 టన్నులది. అలాంటివి ఏడాదిలో నలభై దిగితే 2,000 టన్నులు, అయినా ఏ ఒక్కటీ ఆ 20,000 చదరపు మీటర్ల లెక్కకు చిక్కదు. చెత్త వేరు చేయాలి, రోడ్డు మీద పోయకూడదు అన్న సాధారణ బాధ్యత చిన్న ఇంటికీ ఉంది. దాన్ని అడిగేవాళ్లే లేరు.

హైదరాబాద్‌లో జీడిమెట్లలో 2020లో, ఆ తర్వాత ఫతుల్లాగూడలో భవన వ్యర్థాల కర్మాగారాలు వచ్చాయి. ఒక్కోటి రోజుకు 500 టన్నులు ఆడించగలదు. కాంక్రీటు గడ్డను నలగ్గొట్టి, కడిగి, కంకరగా, ఇసుకగా, పేవర్ బ్లాకులుగా మారుస్తాయి. ఆ కంకరను మామూలు కాంక్రీటులో 25 శాతం దాకా, ఊచలున్న కాంక్రీటులో ఎం-25 రకం వరకు 20 శాతం దాకా వాడొచ్చని భారత ప్రమాణం ఐఎస్ 383 2016లోనే ఒప్పుకుంది. మహానగరానికి ఇవి కావాలి. అయినా ఒక తేడా మరువకూడదు. ఇటుకను పొడి చేసి మళ్లీ ఇటుకలాంటిది చేయడం ఒకటి, ఇటుకను ఇటుకగానే ఉంచడం ఇంకొకటి. మొదటిదానికి యంత్రం, కరెంటు, లారీ కావాలి. రెండోదానికి తాపీ, ఓపిక చాలు. దేశంలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల భవన వ్యర్థం వస్తుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ అంచనా. అందులో ఒక శాతానికి మాత్రమే రీసైక్లింగ్ సామర్థ్యం ఉందని పర్యావరణ పరిశోధన సంస్థ సీఎస్ఈ 2020లో లెక్కతేల్చింది. కర్మాగారాలు వచ్చేదాకా ఆగుదామంటే చిన్న పట్టణాల వంతు ఎప్పటికి వస్తుందో తెలియదు.

అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరం ఇళ్లు విప్పించడాన్ని చట్టంతో సాధించింది. 2016 అక్టోబరు 31 నుంచి, 1916లో గానీ అంతకుముందు గానీ కట్టిన ఇంటిని తీసేయాలంటే యంత్రంతో కూల్చడానికి వీల్లేదు, చేతులతో విప్పాల్సిందే. తర్వాత ఆ గీతను 1940కి జరిపారు. అక్కడ అందుకోసం కూలీలకు కొత్తగా శిక్షణ ఇవ్వాల్సి వచ్చింది. తిరువూరుకు ఆ అవసరం లేదు. ఆ విద్య తెలిసిన వడ్రంగులు, తాపీ మేస్త్రీలు ఇక్కడ ఇంకా ఉన్నారు. వాళ్లలో చాలామంది వయసు మీదపడినవాళ్లు, ఆ సంగతి కూడా గుర్తుండాలి.

కేరళలో వయనాడు జిల్లా మీనంగాడి పంచాయతీ 2016లో కార్బన్ సమతుల్యత సాధిస్తామని పని మొదలుపెట్టింది. అలాంటి ఊరి ప్రణాళికలు ఇప్పుడు చాలాచోట్ల రాస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి పంచాయతీ రాసుకునే అభివృద్ధి ప్రణాళికలోనూ స్వచ్ఛ, హరిత గ్రామం అనే అంశం ఉంది. వాటిలో సాధారణంగా మొక్కలు, సోలార్ దీపాలు, తడి చెత్త, పొడి చెత్త కనిపిస్తాయి. దిగిపోతున్న ఇళ్లకు ఒక పేజీ కేటాయించడం అరుదు. తిరువూరు నగర పంచాయతీ అయినా, చుట్టూ ఉన్న గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు మండలాల పంచాయతీలైనా ఆ పేజీ రాయడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

ఆ పేజీలో మొదటి చోటు ప్రభుత్వ భవనానిదే. శిథిలమైన పాఠశాల గదికో, పాత ఆఫీసుకో ఇంజనీరు విలువ కడతాడు, సామగ్రిని వేలం వేస్తారు, పాడుకున్నవాడు ఇనుము, తలుపులు పట్టుకుపోయి మిగతాది అక్కడే వదిలేస్తాడు. ఆ వేలం షరతుల్లోనే చేతులతో విప్పాలని, పెంకులు, ఇటుకలు, బండలు లెక్కపెట్టి అప్పజెప్పాలని, జాగా శుభ్రం చేశాకే డిపాజిట్ వెనక్కి ఇస్తామని రాయొచ్చు. రెండోది ఒక యార్డు. మార్కెట్ యార్డుకు గేటు, కాటా, రేకుల షెడ్డు ఉన్నట్టే పాత సామానుకూ ఒక చోటు కావాలి. ఇప్పుడు పాత తలుపు కావాలంటే ఎవరో చెప్తే వెతుక్కుంటూ వెళ్లాలి. ఇల్లు తీసేసేవాడికి కొనేవాడు తెలియడు, కొనేవాడికి ఇల్లు తీసేసేవాడు తెలియడు, మధ్యలో జేసీబీ వస్తుంది. కొత్త ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చేటప్పుడు పాత ఇల్లు దించే తేదీని పదిహేను రోజులు ముందుగా బోర్డు మీద రాస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

కష్టాలూ ఉన్నాయి. సిమెంటు మాలుతో కట్టిన గోడలో మాలు ఇటుకకన్నా గట్టిది, తడితే ఇటుకే పగులుతుంది. 1980ల తర్వాత కట్టిన ఇళ్లు చాలావరకు ఈ కోవలోవే. వాటిలో తలుపులు, కిటికీలు, గ్రిల్స్, నాపరాళ్లు, సింకులు మిగుల్చుకుని గోడను పునాది నింపుడుకు వాడాల్సిందే. స్లాబులోంచి తీసిన ఊచను సాగదీసి మళ్లీ కొత్త స్లాబులో వేయడం ప్రమాదం. వంచి, సాపు చేసిన ఇనుము బలం నమ్మడానికి లేదు, దాన్ని కరిగించడానికే పంపాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని పగలగొడితే వచ్చే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడొచ్చు. తడిపి, ముక్క కాకుండా దించాలి, మూతికి మంచి మాస్కు ఉండాలి. ఈ విషయం కూలీకి చెప్పకుండా పని చేయించడం అన్యాయం.

ఇంకో అడ్డంకి మనసుది. ఒకరి ఇంట్లో వాడిన కలప కొత్త ఇంటికి పనికిరాదని నమ్మేవాళ్లు చాలామంది. వాళ్ల నమ్మకాన్ని కాదనక్కర్లేదు. అదే కుటుంబంలో తాత ఇంటి గుమ్మాన్ని మనవడు ముచ్చటపడి పెట్టించుకోవడమూ చూస్తాం. ఇల్లు కాకపోతే పశువుల పాక ఉంది, కొట్టు ఉంది, తోటలో కాపలా షెడ్డు ఉంది. తిరువూరు చుట్టూ మామిడి తోటలున్నాయి, వాటిలో కాయ దింపే రోజుల్లో నీడ కావాలి.

మరి డాబా కట్టేవాడికి పెంకులెందుకు? దీనికి వాస్తుశిల్పి లారీ బేకర్ ఎప్పుడో కేరళలో జవాబు చెప్పాడు. స్లాబు కింది సగంలో లాగుడు బలాన్ని మోసేది ఊచలే, అక్కడి కాంక్రీటు చేసే పని తక్కువ. ఊచల గడుల మధ్య రెండేసి పాత పెంకులు పెట్టి పోస్తే కాంక్రీటు ఆ మేరకు తగ్గుతుంది, పెంకుల మధ్య గాలి ఎండ వేడిని కొంత ఆపుతుంది. దీన్ని ఫిల్లర్ స్లాబ్ అంటారు. ఇంజనీరు లెక్క వేశాకే పోయాలి. 2015 వేసవిలో వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. పెంకుటింటి నుంచి స్లాబు కిందికి మారిన ముసలివాళ్లకు రాత్రిపూట ఆ వేడి ఎలా దిగుతుందో బాగా తెలుసు. వాళ్లు వదిలేసి వచ్చిన పెంకులే వాళ్ల నెత్తి మీద మళ్లీ కాపలా కాయగలవు.

నోయిడాలో జంట భవనాల్ని 2022 ఆగస్టు 28న పేలుడు పదార్థాలతో దాదాపు పది సెకన్లలో నేలకూల్చారు. దేశమంతా టీవీల్లో చూసింది. సుమారు 80,000 టన్నుల రద్దు మిగిలింది. ఇల్లు విప్పడం టీవీలో చూపించేంత వేగంగా సాగదు. వర్షాలకు ముందు, మామిడికాయ మార్కెట్టుకు వెళ్లే రోజుల్లో, తిరువూరులో ఈ వేసవికీ కొన్ని పాత ఇళ్లు దిగుతాయి. ఏదో ఒక వసారాలో మేస్త్రి నిచ్చెన ఆనించి, కొప్పు మీద మొదటి పెంకు తీసి, వేలి కణుపుతో తట్టి వింటూ ఉంటాడు. వీధి చివర జేసీబీ కూడా ఆగి ఉంటుంది. ఆ ఇంటాయన ఇంకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వలేదు.